పూర్తిగా వచ్చినావేటి?

పోయిన నెల రైల్వే గేటు దగ్గర సైకిలు ఆపుకొని నిలబడ్డాను. గూడ్సు వెళుతోంది. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మోటారుసైకిళ్ల వాళ్లు ఇంజన్లు ఆపకుండా గేటుమన్‌ని గొణుక్కుంటూ తిడుతున్నారు. ఆఖరి పెట్టె దగ్గరికి వచ్చేసరికి నా కుడిచెయ్యి దానంతట అదే పైకి లేచింది. చూస్తే అక్కడ బ్రేకువ్యాను లేదు, అందులో ఉండాల్సిన గార్డూ లేడు. చివరి వ్యాగన్ వెనక ఒక చిన్న డబ్బా తగిలించి ఉంది. దాని ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ గేటు దాటిపోయింది. ఈ మధ్య కొన్ని గూడ్సు బళ్లకి గార్డు బదులు ఇదే పెడుతున్నారని నాన్న చెబితే విన్నానుగాని, చూడటం అదే మొదలు.

పక్కనున్న కూరగాయల బండి ఆయన నా చేతివంక చూసి, "కాకే డాక్‌ఛో దీదీ? ఓఖానే తో కేవూ నేయీ" అన్నాడు. ఎవరిని పిలుస్తున్నావమ్మా, అక్కడెవరూ లేరు కదా అని.

చెయ్యి దించుకొని ఇంటికి వచ్చాను. ఆ రోజంతా మా పెద్దనాన్న గుర్తొస్తూనే ఉన్నాడు. ఆయన పోయినప్పుడు నేను ఊళ్లో లేను, దేశంలోనే లేను. బోర్నియో అడవిలో మోకాళ్ల మీద కూర్చొని మొక్కలకి రేకుబిళ్లలు కడుతున్నాను.

మా ఇంట్లో మగవాళ్లందరూ ఖరగ్‌పూర్ వర్కుషాపు మనుషులే. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఆ పనికే వచ్చాడు, నాన్న ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. సైరన్‌కి వెళ్లి సైరన్‌కి వచ్చే బతుకులు. పెద్దనాన్న ఒక్కడే గూడ్సు గార్డు అయ్యాడు. గార్డంటే బండికి ఆఖర్న ఉండేవాడు. ముందు ఏమొస్తుందో ఆయనకి కనబడదు, దాటిపోయిందే కనబడుతుంది. అందుకేనేమో, ఎవరు ఎక్కడికి వెళుతున్నారన్నది ఆయన ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. వెళ్లినవాళ్లు సవ్యంగా వెళ్లారా లేదా అన్నదే ఆయన గొడవ.

రైల్వేలో ఒక పద్ధతుంది. బండి ఆగకుండా స్టేషను దాటుతున్నప్పుడు స్టేషన్ మాస్టరు పచ్చజెండా పట్టుకొని బయటికొచ్చి నిలబడాలి. వెనక బ్రేకువ్యానులోంచి గార్డు కూడా పచ్చజెండా చూపాలి. అంతా బాగానే ఉందని ఈయన ఆయనకీ ఆయన ఈయనకీ చెప్పుకోవడం అది. ఆల్‌రైట్ ఇచ్చుకోవడం అంటారు. పెద్దనాన్న ఈ పద్ధతిని తెచ్చి ఇంట్లో పెట్టాడు. ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా ఇల్లు సందు మొదట్లో ఉంటుంది, సందు చివర టీకొట్టు దగ్గర మలుపు. ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్లినా ఆ మలుపులో వెనక్కి తిరిగి చెయ్యెత్తాలి. అరుగు మీదినుంచి ఆయన భుజాన ఉన్న పచ్చ తువ్వాలు తీసి ఎత్తుతాడు. అప్పుడే మనం వెళ్లినట్టు. ఆయన డ్యూటీలో ఉంటే ఆ పని పెద్దమ్మది. పచ్చరంగు తప్ప ఇంకో రంగు తువ్వాలు ఆయన భుజం మీద నేనెప్పుడూ చూడలేదు. ఎర్ర చీరలు ముందువైపు ఆరేయడానికి పెద్దమ్మకి వీల్లేదు, పెరట్లో ఆరేసుకోవాల్సిందే. "ముందర ఎరుపు ఏలాడదీస్తే ఈదిలో మనుసులు కదల్తారేటి?" అనేవాడు.

మా అన్నయ్య తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. పెద్దనాన్న చొక్కా తొడుక్కొని, తువ్వాలు భుజాన వేసుకొని, నడుచుకుంటూ బడికి వెళ్లి క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. చరిత్ర పాఠం చెబుతున్న బెంగాలీ మాస్టారు ఇంట్లో ఏదో అయిందని కంగారుపడ్డాడు. ఏమీ కాలేదనీ, పిల్లాడు ఆల్‌రైట్ ఇవ్వకుండా వచ్చేశాడనీ, అది తీసుకొని వెళ్లిపోతాననీ ఈయన తనకొచ్చిన బెంగాలీలో చెప్పాడు. క్లాసంతా చూస్తుండగా అన్నయ్య లేచి చెయ్యెత్తాడు. ఈయన తువ్వాలు ఎత్తి వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత బడి వదిలేదాకా అన్నయ్య పేరు ఆల్‌రైట్.

ఆయన కూతురి పెళ్లిలోనూ అంతే. అప్పగింతల దగ్గర అందరూ ఏడుస్తుంటే ఆయన కారు డ్రైవరు చెవిలో ఏదో చెబుతున్నాడు. మలుపు దగ్గర నెమ్మదిగా పోనివ్వమని. మలుపులో అక్క కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. అటు కిటికీలోంచి కొత్త పెళ్లికొడుకు కూడా పెట్టాడు, పాపం, ముందే చెప్పి ఉంచారు. పెద్దనాన్న తువ్వాలు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి, అప్పుడు ఏడ్చాడు.

వెళ్లేవాళ్లది ఒక ఎత్తు, వచ్చేవాళ్లది ఇంకో ఎత్తు. బండి స్టేషనుకి రాగానే వచ్చినట్టు కాదట. ఆఖరి పెట్టెకి ఉండే గుర్తుబల్ల కంటబడితేనే మధ్యలో ఏ పెట్టే ఊడిపోకుండా బండి పూర్తిగా వచ్చిందని లెక్క. "తోక దాటితేనే బండి దాటినట్టు" అనేది ఆయన మాట. అందుకని మేం ఇంటికి రాగానే వచ్చావా అని అడగడు. "పూర్తిగా వచ్చినావేటి?" అంటాడు. గొడుగు, టిఫిను డబ్బా, చెప్పులు అన్నీ ఉన్నాయా అని అడుగుతున్నాడనుకునేవాళ్లం చిన్నప్పుడు.

ఏడో తరగతిలో ఒకరోజు నాకు ప్రాణస్నేహితురాలైన పిల్ల అందరి ముందూ నన్ను ఒక మాట అంది. ఆ మాట ఇప్పుడు చెప్పేంత పెద్దదేమీ కాదు. ఇంటికొచ్చేసరికి సంచీ ఉంది, డబ్బా ఉంది, గొడుగూ ఉంది. "పూర్తిగా వచ్చినావేటి?" అన్నాడు. వచ్చాను అన్నాను. నా మొహం కాసేపు చూసి, "రానేదు. ఏదో పెట్టె మద్దిలో ఊడిపోయినాది. కూకో, అది కూడా వస్తాది" అని జరిగి చోటిచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. లోపలినుంచి అమ్మ రెండుసార్లు పిలిస్తే, "బండి ఇంకా పూర్తిగా రానేదు" అని ఆయనే జవాబు చెప్పాడు. అలా పక్కన కూర్చునే ఉన్నాను. పొద్దుగూకే వేళకి ఏడుపొచ్చింది, బాగా ఏడ్చాను. "వచ్చినాది. ఎల్లి అన్నం తిను" అన్నాడు.

ఆ రోజు మేం కూర్చున్నది ఆయన గార్డు పెట్టె మీద. జెండాలు, దీపాలు, రూల్ బుక్కు పెట్టుకోవడానికి గార్డుకి ఒక ఇనపపెట్టె ఉంటుంది, డ్యూటీకి వెళ్లినప్పుడల్లా బండెక్కి ఆయనతో పాటే తిరుగుతుంది. నా ఆరో తరగతిలో అది రిక్షా ఎక్కి ఇంటికి వచ్చేసింది. కంటి పరీక్షలో ఆయన తప్పాడు. లైను మీద పనికి పనికిరావని రాసి, పార్సిల్ ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆయన ఈ సంగతి ఎవరితోనూ చెప్పలేదు, పెద్దమ్మ చెబితే తెలిసింది. లోపలి సామాను ఆఫీసుకి అప్పజెప్పి, ఖాళీ పెట్టెకి పచ్చరంగు వేసి అరుగు మీద పెట్టుకున్నాడు. పని మారిందిగాని కూర్చునే చోటు మారలేదు. తర్వాత రిటైరయ్యాడు, కళ్లజోడు మారింది, ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఎలా ఉందని అడిగితే, "బెమ్మాండంగా ఉంది. టీకొట్టులో ఎవుడు అప్పు పెడతన్నాడో కూడా కనబడతంది" అనేవాడు. మేం నవ్వుకొని వదిలేసేవాళ్లం.

నేను కాలేజీలో చేరి సైకిలు కొనుక్కున్న ఏడాది కొత్త రూలు వచ్చింది. మలుపులో చెయ్యెత్తితే చాలదు, బెల్లు కూడా కొట్టాలి. అన్నయ్య మోటారుసైకిలుకి హారను. నడిచివెళ్లేవాళ్లు "ఆల్‌రైట్" అని కేకెయ్యాలి. "రూల్ బుక్కు లావెక్కుతాది గాని సన్నబడ్డం ఎప్పుడైనా సూసినామేటి" అని నాన్న వేళాకోళం చేశాడు. చాదస్తం ముదిరిందనుకున్నాం అందరం. బెల్లు మోగగానే తువ్వాలు లేచేది. అది ఒక్కరోజు కూడా తప్పలేదు.

మేదినీపూర్‌లో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతుండగా నాకు ఒక అవకాశం వచ్చింది. వానాడవుల గురించి అడవిలోనే ఉండి చదివే కోర్సు, మలేసియాలో బోర్నియో దీవిలో, ఒక సెమిస్టరంతా. ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది.

"అడివిలో సదువేటే? అడివి గురించి పుస్తకాలు నేవేటి?" అన్నాడు నాన్న.

అమ్మకి చదువుతో పేచీ లేదు, జలగలతోనే. "అవి సెట్ల మీదినించి పడతాయంట కదే. మెళ్లోకి దూరితే?" అంది.

పెద్దనాన్న ఇద్దరి మాటా విన్నాడు. ఆయన కాదంటే నాన్న పంపడు, అది నాకు తెలుసు. ఆఖరికి తల పక్కకి వాల్చి అడిగాడు. "ఒలే అమ్మా, నువ్వు ఆ అడివిలోకి ఎల్తే, ఎల్లినట్టు సూసేవోడు ఎవుడుంటాడక్కడ?"

వాళ్లు పంపిన కాగితాల్లో చదివింది చెప్పాను. "గోడకి ఒక బల్ల ఉంటాది పెద్నాన్నా. ప్రతి మనిషి పేరుతోటీ ఒక చెక్కబిళ్ల. ఎల్లేటప్పుడు బిళ్ల ఇటునించి అటు మార్చాల, వచ్చినాక మళ్లీ ఇటు. సాయంత్రానికి అటు ఒక్క బిళ్ల మిగిలినా అందరూ ఎతకడానికి ఎల్తారు. ఒక్కరినీ ఎప్పుడూ పంపరు, జోడీ ఉండాల."

మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. "ఆ సోటుని ఏటంటారు?"

"ఫీల్డ్ స్టేషనంటారు."

"మరింకేటి, స్టేషనే కదా" అని నాన్న వైపు తిరిగాడు. "లైన్ క్లియర్ ఇచ్చీరా తమ్ముడూ. పద్దతి తెలిసినోల్లే."

అక్కడి చెట్లు మన సాలచెట్లకి దగ్గర చుట్టాలని చెబితే ఆయనకి మరీ సంతోషమైంది. ఝాడ్‌గ్రామ్ వైపు సాలడవుల్లోంచి బండి వెళుతుంటే, వానలకి ముందు రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ వచ్చి బ్రేకువ్యానులో పడేవట. ఒకసారి ఒక గింజ జేబులో పడితే ఇంటిదాకా తెచ్చి పెద్దమ్మ జడలో పెట్టాడట. పెద్దమ్మ వంటింట్లోంచే, "పిల్లల దగ్గర అవన్నీ ఎందుకూ" అంది.

ప్రయాణానికి ముందురోజు నా సైకిలు దగ్గర కూర్చొని బెల్లు ఊడదీస్తున్నాడు. నట్టు ఎక్కడుందో వేళ్లతో తడుముకుంటున్నాడు. వయసు కదా అనుకున్నాను. ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"అంత అడివిలో సెయ్యెత్తితే ఎవుడికి కనబడతాదే? ఇది కొట్టు."

"పెల్లికి ఎల్తా పిల్లిని సంకనెట్టుకున్నట్టు, అడివికి సైకిలు బెల్లేటి అన్నయ్యా" అన్నాడు నాన్న. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

మర్నాడు హౌరా వెళ్లే బండి దగ్గరికి ఇంటిల్లిపాదీ వచ్చారు. కోల్‌కతా నుంచి విమానం. పెద్దమ్మ, పెద్దనాన్న చెయ్యి పట్టుకొని నడిచింది. మెట్లు దిగడానికి ఆవిడకే ఆసరా కావాలేమో అనుకున్నాను. బండి కదిలింది. తలుపు దగ్గర జనం మధ్యనుంచి చెయ్యి బయటికి పెట్టి, భుజం నొప్పెట్టేదాకా ఎత్తే ఉంచాను. ఆయన తువ్వాలు ఎత్తి పట్టుకొని నిలబడ్డాడు. కాని మొహం నా వైపు లేదు, నా వెనక పెట్టె వైపు ఉంది. ఎండ కళ్లలో పడుతోందనుకున్నాను. కనబడినంతసేపూ ఆ తువ్వాలు దిగలేదు. విమానం ఎక్కేముందు ఫోను చేస్తే, "మీ పెద్నాన్న ఒక పట్టాన కదల్లేదే, ఎల్దాం ఎల్దాం అంటే ఇనడు" అంది అమ్మ. నా మీది బెంగ అనుకున్నాను. నాకూ బెంగగానే ఉంది.

ఫీల్డ్ స్టేషను ఒక నది ఒడ్డున కొయ్యస్తంభాల మీద కట్టిన పొడుగాటి ఇల్లు. గుమ్మం పక్కనే బల్ల, దాని మీద కొక్కేలు, చెక్కబిళ్లలు, అచ్చం కాగితంలో రాసినట్టే. నా జోడీ వియత్నాం అమ్మాయి. మాకు అప్పగించిన పని మొలకల లెక్క. అడవిలో తాళ్లు కట్టి గీసిన గళ్లలో ప్రతి మొలకకీ నంబరున్న రేకుబిళ్ల కట్టాలి, మళ్లీ వెళ్లినప్పుడు ఏది బతికుందో ఏది పోయిందో చూడాలి. అక్కడి చెట్లు ఎంత పొడుగంటే కింద పగలే మసక. తల్లిచెట్టు నీడలో మోకాలెత్తు మొక్క ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, పెరగదు, చావదు. ఎప్పుడో ఒక పెద్ద చెట్టు కూలి వెలుతురు పడితే అప్పుడు లేస్తుంది. అమ్మ భయపడ్డ జలగలు చెట్ల మీదినుంచి కాదుగాని ఆకుల మీదినుంచి వచ్చేవి. మోకాళ్లదాకా గుడ్డసంచుల్లాంటి మేజోళ్లు కట్టుకొని తిరిగేవాళ్లం.

ఆ అడవిలో చూపు నాలుగు అడుగులు దాటదు. జోడీ పక్క గడిలో ఉన్నా కనబడదు. అందుకని ఒకరు కూత వేస్తే రెండోవారు పలకాలి, పలక్కపోతే పని ఆపి వెళ్లి చూడాలి. నేను మొదటిరోజే ఉత్సాహంగా బెల్లు కొట్టాను. ఇంకో గుంపు పక్షుల అరుపులు వింటూ లెక్క రాసుకుంటోంది. మా టీచరు వచ్చి, ఇంకోసారి ఆ చప్పుడు వినబడితే నన్నూ పక్షుల లెక్కలో రాస్తానన్నాడు. బెల్లు అడవికి పనికిరాలేదు. తెచ్చి పేర్ల బల్ల పక్కన మేకుకి బిగించాను. బిళ్ల ఇటు మార్చినవాళ్లు ఒకసారి బెల్లు కొట్టడం ఎవరు మొదలుపెట్టారో తెలీదు, వారం తిరక్కుండా అందరికీ అలవాటైంది. సాయంత్రం బురదకాళ్లతో ఒక్కొక్కరూ వచ్చి ట్రింగుమనిపిస్తుంటే నాకు ఝపటాపూర్ సందు గుర్తొచ్చేది.

సరుకులకి పడవలో ఊరికి వెళ్లిన రోజే ఫోను పలికేది. పెద్దనాన్న ముందు ఆయన వంతు కానిచ్చేవాడు. బిళ్ల మార్చావా, జోడీ పలికిందా, పూర్తిగా వచ్చినావేటి, ఈ మూడూ అయ్యాకే ఎవరికైనా ఫోను దక్కేది. అక్కడి పెద్ద ముక్కు పక్షి ఎగిరితే రెక్కల చప్పుడు ఆవిరి ఇంజను కదిలినట్టు ఉంటుందని చెప్పాను. చేసి చూపించమన్నాడు. బజారు మధ్యలో నిలబడి హుస్ హుస్‌మని చేశాను. "కాదే, అది డీజిలు. ఆవిరిది ఇలగుంటాది" అని ఆయన చేశాడు. దగ్గొచ్చేదాకా చేశాడు.

ఒకసారి మాటల మధ్యలో అడిగాడు. "అమ్మా, ఆ రోజు బండి కదిలినప్పుడు బెల్లు కొట్టినావేటి?"

"బెల్లు సంచిలో ఉండిపోయినాది పెద్నాన్నా. సెయ్యి ఊపినాను కదా, సూసినావు కదా" అన్నాను.

అటునుంచి కొంచెంసేపు ఏమీ వినబడలేదు. లైను పోయిందనుకొని హలో హలో అన్నాను.

"ఆఁ, సూసినాను. సూసినాను. బాగా ఊపినావు" అన్నాడు.

ఆ తర్వాత మమ్మల్ని కొండకి అవతల దూరపు క్యాంపుకి పంపారు. అక్కడ ఫోను లేదు, కరెంటు లేదు, గుడ్డ పైకప్పు కింద ఉయ్యాలల్లో నిద్ర. తిరిగి స్టేషనుకి వచ్చి, బిళ్ల ఇటు మార్చి, బెల్లు కొట్టాను. మర్నాడు ఊరికి వెళ్లి ఫోను తెరిస్తే అన్నయ్య మెసేజీలు వరసగా వచ్చి పడ్డాయి. మొదటి దాంట్లో పెద్దనాన్నకి ఒంట్లో బాగాలేదు. చివరి దాంట్లో కర్మకాండ కూడా అయిపోయింది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

ఫోను చేస్తే పెద్దమ్మ మాట్లాడింది. "వాన రాకడా పానం పోకడా ఎవుడికి తెలుస్తాది తల్లీ" అంది. ఆ అడవిలో వాన రాకడ అందరికీ తెలుసు, మధ్యాహ్నమైతే వచ్చేస్తుంది. ఆ రోజూ వచ్చింది. పడవలో ఒళ్లంతా తడుస్తూ ఏడ్చాను, ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. వచ్చేస్తానంటే నాన్న వద్దన్నాడు. "వచ్చి ఏటి సేస్తావు. మద్దిలో ఒగ్గీసి వస్తే మీ పెద్నాన్న ఒప్పుకుంటాడేటి. అయిపోయినాకే రా" అన్నాడు. మిగిలిన రోజులు మొలకల దగ్గర కూర్చొని, ఉన్నవాటికి ఉన్నాయనీ పోయినవాటికి పోయాయనీ రాశాను. పోయిందని రాయాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది.

వచ్చేటప్పుడు బెల్లు తీసుకుందామంటే స్టేషనులో ఎవరూ ఒప్పుకోలేదు. అది లేకపోతే ఇంటికొచ్చినట్టు ఉండదన్నారు. ఆయన కూడా అదే అనేవాడనిపించి వదిలేశాను.

ఖరగ్‌పూర్‌లో దిగి రిక్షాలో సందులోకి వచ్చాను. అరుగు మీద పెట్టె ఉంది. దాని మీద ఎవరూ లేరు. ఇంట్లోకి వెళ్లాక అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఏడ్చారు, నేనూ ఏడ్చాను. సాయంత్రం పెద్దమ్మా నేనూ అరుగు మీదికి వచ్చి పెట్టె మీద కూర్చున్నాం. మలుపు దగ్గర టీకొట్టులో దీపం వెలిగింది. నేను ఊరికే ఏదో మాట్లాడాలని, "ఇక్కడినించి అంత దూరంలో మేం సెయ్యెత్తినామో నేదో పెద్నాన్నకి ఎంత బాగా కనబడేదో కదా పెద్దమ్మా" అన్నాను.

పెద్దమ్మ కొంగు సర్దుకుంది. "ఏటి కనబడేదే. నీ కాలేజీ మొదలైన ఏడే ఆ సూపు పోయినాది. మనిసి నీడలాగా అవుపించేది, అంతే. ఆకరికి అదీ నేదు."

నాకు అర్థం కాలేదు. "మరి మేం సెయ్యెత్తితే తువ్వాలు ఎత్తేవోడు కదా."

"బెల్లు ఇనబడితే ఎత్తేవోడు. అందుకే కదా ఆ బెల్లు పెట్టినాడు. మీ అన్నయ్యకి హారనూ."

"మాకెందుకు సెప్పనేదు? నువ్వైనా సెప్పొచ్చు కదా."

"ఒట్టేయించుకున్నాడమ్మా నా సేత. తెలిస్తే సెయ్యెత్తడం మానెస్తారు అన్నాడు. ముసలోడికి కనబడదు గదా, ఇంకెందుకూ అని తిరిగి సూడకుండా ఎల్లిపోతారు అన్నాడు. నేను సూడకపోయినా పరవానేదు, ఆల్లు తిరగాల అనేవోడు."

నేను అడగకూడదనుకుంటూనే, హౌరా బండెక్కిన రోజు స్టేషను సంగతి అడిగాను. ఆ రోజు నన్ను చూశానని ఫోనులో చెప్పాడు కదా అని.

"ఎక్కడ సూసినాడు. బండి కదిలితే తువ్వాలు ఎత్తినాడు. అమ్మాయి ఆల్‌రైట్ ఇచ్చినాదా అని నన్ను అడిగినాడు. ఇచ్చినాది, సెయ్యి ఊపతంది అన్నాను. నువ్వు సూసినావు, నాకు అందనేదు అన్నాడు. తోక దాటిపోయినాది అన్నాను. దించనేదు. బెల్లు తీసుకెల్లినాది, కొడతాది, ఉండు అన్నాడు. బండి ఎల్లిపోయినాక, జనం ఎల్లిపోయినాక కూడా అలగే ఉన్నాడు. ఊడిసే ఆయన వచ్చి, దాదా, థోడా హటియే, కొంచెం జరుగు, అంటే అప్పుడు దించినాడు."

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ మలుపు తిరిగారు. పెద్దమ్మ చెయ్యి తెలియకుండానే కొంగు ఎత్తబోయి ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, నా మొహం తన వైపు తిప్పుకొని, ఆ ఇంట్లో అన్నేళ్లూ ఆయన తప్ప ఎవరూ అడగని మాట అడిగింది.

"పూర్తిగా వచ్చినావేటమ్మా?"

ఆవిడ ఒళ్లో తల పెట్టుకున్నాను. బండి కదిలిన ఆ రోజు బెల్లు నా సంచి పైజేబులోనే ఉంది. సంచి భుజం మీదే ఉంది. చెయ్యి వెనక్కి పెడితే అందేది.